టీసీఎం పోయిందంటున్నారు: కొత్తది వేయించాలా, పాతది క్లోన్ చేయించాలా?

మూడోగేర్
ఆరు గేర్ల ఆటోమేటిక్. టీసీఎం (గేర్లు మార్చే కంప్యూటర్) గేర్‌బాక్స్ లోపల కాదు, ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ కింద విడిగా ఉంది. అరగంట నడిచాక బండి మూడో గేర్‌లో ఇరుక్కుంటోంది, మీటర్లో గేర్ అక్షరం మాయమవుతోంది. ఇంజన్ కంప్యూటర్‌లో పీ0700, యూ0101 అనే లోపం కోడ్లు ఉన్నాయి. ఆపి చల్లారనిస్తే మళ్లీ మామూలే. వర్క్‌షాప్‌లో స్కానర్ పెట్టి టీసీఎం మార్చాల్సిందే అన్నారు. కొత్తదా, క్లోనా (నా దాన్లోని డేటా కాపీ చేసిన పాత యూనిట్)?

పానా_12
కొత్తదే. టీసీఎం చచ్చిపోతే సాలినాయిడ్లకు (కరెంటుతో ఆయిల్ దారులు తెరిచి మూసే వాల్వులు) కరెంటు ఆగుతుంది, వాల్వ్ బాడీలో (ఆ ఆయిల్ దారులుండే దిమ్మె) స్ప్రింగులు నిలబెట్టిన గేరే మిగులుతుంది. మీ బండిలో అది మూడు. లక్షణాలు అతికినట్టు సరిపోయాయి.

పని పెద్దదేం కాదు. బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగాలి. కనెక్టర్ లీవర్ పూర్తిగా వెనక్కి వచ్చాకే లాగాలి, సగంలో లాగితే పిన్నులు వంగుతాయి. కొత్తదాని మీద హార్డ్‌వేర్ నంబరు చివరి అక్షరం దాకా కలవాలి. ప్రోగ్రామింగ్ అయ్యేవరకు బ్యాటరీకి స్టెబిలైజ్డ్ సప్లై పెట్టి 13 వోల్టుల పైన నిలపాలి. మామూలు ఛార్జర్ పనికిరాదు, దాని రిపుల్‌కి (వోల్టేజ్ ఊగిసలాటకి) ఫ్లాషింగ్ (ప్రోగ్రామ్ రాయడం) మధ్యలో ఆగితే కొత్త మాడ్యూలే ఇటుక అవుతుంది. తర్వాత విన్ (బండి గుర్తింపు నంబరు) రాయడం, అడాప్టేషన్ (టీసీఎం నేర్చుకున్న లెక్కలు) రీసెట్, ఆయిల్ వేడెక్కాక లర్నింగ్ డ్రైవ్ (అవి మళ్లీ నేర్చుకునేలా నడపడం). అంతే.

టంకంకడ్డీ
అంతేనా? ఎవరైనా టీసీఎంలోకే వెళ్లి కోడ్లు చదివారా? పీ0700 అసలు జబ్బు పేరు కాదు. "నా దగ్గర కోడ్ ఉంది, లైటు వెలిగించు" అని టీసీఎం ఇంజన్ కంప్యూటర్‌కి పంపే కబురు. అది పంపిందంటే అప్పటికి బతికే ఉంది. యూ0101 అంటే తర్వాత దాని గొంతు మిగతావాళ్లకు వినపడలేదని. గొంతు పోయిందా, కరెంటు పోయిందా, తీగ తెగిందా అన్నది స్కానర్‌కి తెలియదు.

మూడోగేర్ గారూ, ఏదైనా కొనేముందు ఇవి చూడండి. టీసీఎం కనెక్టర్ ఊడదీసి, 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒక తీగ బ్యాటరీ ప్లస్‌కి, రెండోది కనెక్టర్‌లోని ఎర్త్ పిన్నుకి పెట్టండి. బల్బు వెలుగుతుండగా ఆ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజ్ కొలవండి. 0.1 దాటకూడదు. సప్లై పిన్నులకూ ఇదే పని, తిరగేసి: బల్బు బ్యాటరీ నెగటివ్‌కి, కొలత ప్లస్‌కీ పిన్నుకీ మధ్య. క్యాన్ తీగలకు (బండిలో కంప్యూటర్లు మాట్లాడుకునే జత తీగలు), సెన్సార్ తీగలకు మాత్రం బల్బు పెట్టొద్దు. తర్వాత బ్యాటరీ తీసేసి క్యాన్ హై, క్యాన్ లో మధ్య ఓమ్స్ చూడండి. రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ప్యారలల్‌గా ఉంటాయి కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఒక చివర తెగినట్టు. గేట్‌వే (కబుర్లు ఇటూ అటూ దాటించే కంప్యూటర్) ఉన్న బండైతే ఓబీడీ (స్కానర్ పెట్టే ప్లగ్) 6, 14 పిన్నుల దగ్గర కొలిచి లాభం లేదు, గేట్‌వే ఇవతల సంగతే తెలుస్తుంది. టీసీఎం కనెక్టర్ దగ్గరే కొలవాలి.

గుంట_రోడ్డు
ముందు బ్యాటరీ టెర్మినల్స్ బిగించండి బాబూ.

పానా_12
బల్బులూ దీపాలూ ఎందుకండీ? మీటరు కంటిన్యుటీలో పెడితే ఎర్త్ 0.3 ఓమ్స్ చూపిస్తుంది, బాగున్నట్టే. రోజూ చేసే పనే.

టంకంకడ్డీ
మీ లెక్కే తీసుకుందాం. 0.3 ఓమ్స్ ఎర్త్‌లో సాలినాయిడ్లన్నీ కలిసి 5 ఆంప్స్ లాగితే 1.5 వోల్టులు అక్కడే పోయాయి. మీటరు పంపేది మిల్లీ ఆంపులు. తీగలో ఒక్క పోగు మిగిలినా అది "బాగుంది" అంటుంది.

పానా_12
మీటరు తీగలకే 0.2, 0.3 ఉంటుంది. ఆ మాత్రం తెలియకుండా కొలుస్తామా?

టంకంకడ్డీ
అయితే మీరు కొలిచింది ఎర్త్‌నా, మీ మీటరు తీగలనా?

చుక్కనూనె
మీ ఓమ్స్ గొడవలో అసలుది వదిలేశారు. టీసీఎం వైపు కనెక్టర్ తీసి పిన్నుల దగ్గర తెల్లటి టిష్యూ అద్దండి. ఎర్రగానో గోధుమరంగుగానో అంటితే ఏటీఎఫ్ (గేర్‌బాక్స్ ఆయిల్) పాకింది. మెర్సిడెస్ 722.6 గేర్‌బాక్స్‌కి ఇది పాత జబ్బే. గేర్‌బాక్స్ పక్కన 13 పిన్నుల ప్లగ్‌లో ఓ-రింగులు (రబ్బరు సీళ్లు) గట్టిపడితే, దీపం వత్తి నూనె పీల్చినట్టు ఆయిల్ తీగ పోగుల మధ్యనుంచి పైకెక్కి కంట్రోల్ యూనిట్ దాకా వస్తుంది. ఓ-రింగు మార్చకుండా కొత్త మాడ్యూల్ పెడితే అదీ స్నానం చేస్తుంది. కార్పెట్ కింద ఉందంటున్నారు కాబట్టి నీళ్లు కూడా చూడండి. కార్పెట్ పైకి పొడిగానే ఉంటుంది, కింద స్పాంజి పిండితే తెలుస్తుంది.

ఈప్రామ్
అడిగింది కొత్తదా క్లోనా అని. గేర్‌బాక్స్ మారనప్పుడు నా ఓటు క్లోన్‌కే. అదే హార్డ్‌వేర్ నంబరున్న పాత యూనిట్ తెచ్చి, మీ దాని ఫ్లాష్, ఈప్రామ్ మెమరీలు రెండూ దాన్లో రాస్తే విన్ గొడవ లేదు, ఇమ్మొబిలైజర్ (దొంగతనం ఆపే ఎలక్ట్రానిక్ తాళం) గొడవ లేదు, క్లచ్ అడాప్టేషన్లు కూడా వచ్చేస్తాయి. పాతది తెచ్చి ఊరికే తగిలిస్తే మాత్రం చాలా బళ్లలో కదలదు. ఒక షరతు: మీ టీసీఎంలో పీ0601 లాంటి మెమరీ చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో చూసే లెక్క) కోడ్ ఉంటే క్లోన్ వద్దు. చెడిన అక్షరాలనే పొల్లుపోకుండా కాపీ చేసినట్టవుతుంది.

పానా_12
పాత అడాప్టేషన్లు తెచ్చుకోవడం గొప్పా? మాడ్యూల్ మారిస్తే రీసెట్ చేయాలి. అది రూలు.

ఈప్రామ్
ఏ రూలండీ? అడాప్టేషన్ అంటే ఈ గేర్‌బాక్స్‌లో ఏ క్లచ్ నిండటానికి ఎంత ఆయిల్, ఎంత సమయం పడుతుందో నేర్చుకున్న లెక్క. క్లచ్‌లు అవే, వాల్వ్ బాడీ అదే అయినప్పుడు ఆ లెక్క చెరిపి సున్నా నుంచి నేర్పడం దేనికి? నేర్చుకునేదాకా రెండు మూడు గేర్ల మధ్య దెబ్బ కొడుతూనే ఉంటుంది. వాల్వ్ బాడీ విప్పారా, అప్పుడు రీసెట్. కొత్త మాడ్యూల్ వేస్తే ఇంకో మెలిక ఉంది. కొన్ని గేర్‌బాక్సుల్లో సాలినాయిడ్ల కాలిబ్రేషన్ కోడ్ వాల్వ్ బాడీ మీదో లేబుల్ మీదో విడిగా ఉంటుంది, దాన్ని ఎక్కించకపోతే కొత్త మాడ్యూలే కొత్త జబ్బు తెస్తుంది.

పానా_12
సరే, ఓమ్స్ వాళ్లూ చిప్పుల వాళ్లూ ఒకటి చెప్పండి. వేడెక్కాకే పోతోంది, చల్లారితే వస్తోంది. ఎర్త్ బోల్టు వేడికి వదులై చల్లారగానే తనే బిగుసుకుంటుందా? ఇది బోర్డు మీద టంకం పగులు. చిన్నపిల్లాడైనా చెప్తాడు.

టంకంకడ్డీ
సాలినాయిడ్ కాయిల్ కూడా వేడికే తెగుతుంది, చల్లారితే కలుస్తుంది. అందుకే వేడిలోనే కొలవాలి. 20 డిగ్రీల దగ్గర 5 ఓమ్స్ ఉన్న కాయిల్ 100 డిగ్రీల దగ్గర ఆరున్నర చూపిస్తే అది రాగి గుణం, లోపం కాదు. 2 చూపిస్తే లోపల షార్ట్. అది వదిలేసి మాడ్యూల్ మార్చారా, కొత్తదాని డ్రైవర్ (సాలినాయిడ్‌కి కరెంటిచ్చే చిప్) మీద అదే భారం.

పానా_12
డ్రైవర్లకు ఇప్పుడు ఓవర్ కరెంట్ రక్షణ ఉంటుంది. నీ పుస్తకం పాతది.

టంకంకడ్డీ
పుస్తకం పాతదే, పాత బళ్లూ రోడ్డు మీదే ఉన్నాయి. రక్షణ ఉందనుకో, అప్పుడు మాడ్యూల్ కాలదు, కోడ్ పెట్టి మళ్లీ మూడో గేర్‌కే పోతుంది. బండి అక్కడే, బిల్లు పెరిగింది. నీలాంటి వాళ్లు మార్చి పంపిన మంచి మాడ్యూళ్లు బెంచ్ మీద కుప్ప పడుంటాయి.

పానా_12
నీ బెంచ్ దగ్గరికి మాడ్యూల్ ఒక్కటే వస్తుంది. లిఫ్ట్ మీద బండి, పక్కన నిలబడిన ఓనరు రారు. బల్బు పట్టుకుని రెండు గంటలు వెతికి "ఎర్త్ శుభ్రం చేశాం" అని రెండు గంటల బిల్లు ఇస్తే ఒక్కడు ఇవ్వడు. "బోల్టు బిగించినందుకు ఇంతా?" అంటాడు. అదే టీసీఎం మార్చామంటే నోరెత్తకుండా ఇస్తాడు. పార్టుకి డబ్బిస్తారు, బుర్రకి ఇవ్వరు. పద్ధతి మాకు తెలియక కాదు.

టంకంకడ్డీ
ఇది మొదట్లోనే చెప్పాల్సింది. ఇంతసేపూ 0.3 ఓమ్స్ మీద కొట్టుకున్నాం.

సరే, ఇవ్వరు. కానీ విన్ రాసిన మాడ్యూల్‌ని దుకాణం వెనక్కి తీసుకోదు. నీ ఊహ తప్పితే ఆ ఖర్చు ఎవరిది? నీది కాదుగా. పరీక్షకు ఇంత అవుతుందని బండి పైకెత్తకముందే చెప్పు. ఒప్పుకుంటే చెయ్యి, లేకపోతే "ఇది నా ఊహ, తప్పితే డబ్బు రాదు" అని కాగితం మీద రాయి.

గుంట_రోడ్డు
అలా రాసిస్తే ఏ కస్టమర్ ఉంటాడు 😀

మూడోగేర్
కొలిపించాను. మూడో గేర్‌లో ఇరుక్కున్నప్పుడే చూశారు. బల్బుతో ఎర్త్ 0.04, సప్లై పిన్నుల్లో ఎక్కడా 0.1 దాటలేదు. క్యాన్ 60.4. ఆయిల్ లేదు, కింద స్పాంజి పొడిగానే ఉంది. సాలినాయిడ్లు వేడిలో అన్నీ 6, 7 ఓమ్స్ మధ్యే. టీసీఎంలో పీ0601 లేదు. చల్లారాక మాడ్యూల్‌కి మాత్రమే హెయిర్ డ్రయ్యర్ పెడితే నాలుగు నిమిషాల్లో స్కానర్‌కి పలకడం మానేసింది. చల్లటి గాలి కొడితే మళ్లీ పలికింది.

పానా_12
మొదటి పోస్టు చదువుకోండి అందరూ.

టంకంకడ్డీ
మొదటి పోస్టులో ఉన్నది ఊహ. పై పోస్టులో ఉన్నది కొలత. జవాబు ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకటి కావు.

పానా_12
బండి యజమానికి తేడా ఏంటో?

ఈప్రామ్
మీ ఇద్దరూ కానివ్వండి. మూడోగేర్ గారూ, చెక్‌సమ్ కోడ్ లేదు కాబట్టి క్లోన్‌కి అడ్డం లేదు, కానీ ఆలస్యం చేయకండి. పగులు పెరిగితే చల్లగా ఉన్నప్పుడు కూడా పలకదు, అప్పుడు చిప్ ఊడదీసి చదవాల్సి వస్తుంది. ఈలోపు బండి నడపొద్దు. మాడ్యూల్ తీసి ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, బయటికి తీయగానే బోర్డు మీద తేమ పడుతుంది. గది చల్లదనం చాలు. ఫైల్ రెండుసార్లు చదివించి బైట్ బైట్ పోల్చమనండి. రెండూ ఒకటి కాకపోతే దాత యూనిట్‌లో (తెచ్చిన పాతదాన్లో) ఏదీ రాయనివ్వకండి.