వ్యాపారం పెట్టుకునేవాడికి బ్రిటన్‌లో మాస్టర్స్ ఎందుకు?

లెస్టర్, కొత్తగా వచ్చినవాడిని:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది ఖమ్మం. ఈ 2026 జనవరి ఇన్‌టేక్‌లో మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌కి వచ్చాను. ఊళ్లో మా బాబాయ్ టిఫిన్ సెంటర్‌లో నాలుగేళ్లు చేశాను. పిండి రుబ్బడం దగ్గర్నుంచి గల్లా పెట్టె దాకా అన్నీ చూశాను. ఎప్పటికైనా నా సొంత టిఫిన్ సెంటర్ పెట్టాలనేదే ఆశ. ఇక్కడ మన పిల్లలు ఇంతమంది ఉన్నారు, మంచి ఇడ్లీ దొరకడం లేదు. క్లాసులో చూస్తే ఆరు వారాలుగా సూపర్ మార్కెట్ల స్ట్రాటజీ చెబుతున్నారు. ఫీజు సగం కట్టాను, మిగతా 7,500 పౌండ్లు మేలో కట్టాలి. ఆ డబ్బుతో వెట్ గ్రైండరు, ఫ్రిజ్ కొనుక్కుని రూమ్‌లోనే మొదలుపెడితే ఎలా ఉంటుంది? "యూనివర్సిటీకి పోవడం మానెయ్, ఎవరూ అడగరు" అంటున్నాడు రూమ్మేట్. ఇంట్లో ఇంకా చెప్పలేదు. టెన్షన్‌గా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పండి.

లెస్టర్, కేటరింగ్ చేసేవాడిని:

తమ్ముడూ, నాకు నలభై రెండేళ్లు కాబట్టి నువ్వు అనే అంటున్నాను. నేనూ నీలాగే 2008లో మాస్టర్స్‌కి వచ్చాను. మా కోర్సులో నేర్చుకున్నదానితో ఒక్క బిర్యానీ డేగిశా కూడా అమ్ముకోలేదు, అది ఒప్పుకుంటా. కానీ నీ రూమ్మేట్ చెప్పింది మాత్రం నిన్ను ముంచే మాట.

నువ్వు కాలేజీకి పోకపోతే వాళ్లు ఊరుకోరు. నీ అటెండెన్స్ చూసి హోమ్ ఆఫీస్‌కి (ఇక్కడ వీసాలు చూసే ప్రభుత్వ శాఖ) చెప్పాల్సిన బాధ్యత యూనివర్సిటీది, ఎందుకంటే నీ వీసాకి స్పాన్సర్ అదే. స్పాన్సర్‌షిప్ తీసేస్తే వీసాని కుదించేస్తారు, మామూలుగా 60 రోజులు మిగులుతాయి. నీ గ్రైండరు పార్సిల్ వచ్చి, రాతికి నీళ్లు అలవాటయ్యేలోపే టికెట్ కొనుక్కోవాల్సి వస్తుంది.

ఇంకోటి. స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారమే చేయకూడదు. చిన్నదైనా, ఇంట్లోనైనా, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకున్నా అంతే. కంపెనీ పెట్టి డైరెక్టర్‌గా ఉండకూడదు, పది శాతమో ఆపైనో వాటా ఉన్న కంపెనీలో నువ్వే ఉద్యోగం చేయకూడదు. ఫుడ్ డెలివరీ యాప్‌లు కూడా ఇందులోకే వస్తాయి, ఎందుకంటే అక్కడ రైడర్‌ని సొంతంగా పనిచేసుకునేవాడిగా లెక్కవేస్తారు. వేరేవాళ్ల అకౌంట్ అద్దెకి తీసుకుని తిరిగే పిల్లల్ని రోజూ చూస్తున్నా. పట్టుబడితే ఆ రెండొందల పౌండ్ల కోసం పదేళ్ల భవిష్యత్తు పోతుంది.

అందుకే నీ ప్రశ్నని తిప్పి అడుగుతాను. వ్యాపారం నేర్చుకోవడానికా డిగ్రీ? కాదు. ఈ దేశంలో నువ్వు చట్టబద్ధంగా కొట్టు తెరవడానికి దారి ఆ డిగ్రీయే. కోర్సు పాసైతే గ్రాడ్యుయేట్ వీసా వస్తుంది, దాని మీద సొంత వ్యాపారం చేసుకోవచ్చు, స్పాన్సర్ అక్కర్లేదు. ఇంత డబ్బు పోసి కొంటున్నది ఆ అనుమతినే అనుకో. క్లాసులో ఏదైనా చెవిన పడితే అది కొసరు.

ఇక్కడో మెలిక ఉంది. గ్రాడ్యుయేట్ వీసా ఇన్నాళ్లూ రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలే. నీ కోర్సు అయ్యేసరికి 2027 వచ్చేస్తుంది, కాబట్టి నీ లెక్క 18 నెలలతో వేసుకో. మా రోజుల్లో దీనికి అక్క లాంటిది పోస్ట్ స్టడీ వర్క్ అని ఉండేది, రెండేళ్లు. 2012 ఏప్రిల్‌లో ఎత్తేశారు. అప్పటికి కోర్సు పూర్తికాని మా వాళ్లు కొందరు సామాన్లు సర్దుకున్నారు. మళ్లీ ఈ గ్రాడ్యుయేట్ వీసా తెరిచింది 2021 జులైలో. రూల్ ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు, కోర్సు సాగదీయకు.

ఈ ఏడాది ఏం చేయాలంటే, వారానికి 20 గంటలు (టర్మ్ నడిచేటప్పుడు నీ వీసా ఒప్పుకునేది అంతే) ఏదైనా హోటల్ వంటింట్లో ఉద్యోగం చూసుకో. వెయిటర్‌గా కాదు, లోపల. ఏ పిండి ఎంత మిగిలిపోతుంది, సోమవారం ఎందుకు ఖాళీగా ఉంటుంది, గ్యాస్ బిల్లు ఎంత, ఇవి ఏ ప్రొఫెసరూ చెప్పడు. 2026 ఏప్రిల్ నుంచి 21 నిండినవాళ్లకి కనీస జీతం గంటకు 12.71 పౌండ్లు. "క్యాష్ ఇస్తాం, ఎనిమిది పౌండ్లు" అంటే దండం పెట్టి వచ్చెయ్. నేను మొదట్లో అలాంటి చోటే చేరాను. మూడు నెలల జీతం ఎగ్గొట్టాడు, కాగితం లేదు కాబట్టి ఎవరి దగ్గరికీ పోలేకపోయాను. ఇంకో పొరపాటు అందరూ చేస్తారు: వేసవి వచ్చింది, సెలవులే కదా అని ఫుల్ టైమ్ చేసేస్తారు. మాస్టర్స్‌కి డిజర్టేషన్ (కోర్సు చివర్లో రాసే పెద్ద వ్యాసం) రాసే వేసవి కూడా టర్మే. అప్పుడూ 20 గంటలే.

స్లౌ, పచ్చళ్లు పెట్టే అక్క:

బాబూ, నాకు ఇక్కడి డిగ్రీ లేదు. మా ఆయన స్కిల్డ్ వర్కర్ వీసా మీద డిపెండెంట్‌గా వచ్చాను. డిపెండెంట్‌కి సొంత వ్యాపారం చేసుకునే వీలుంది కాబట్టి నాకు యూనివర్సిటీ అక్కర్లేకపోయింది. అంటే పై తమ్ముడు చెప్పిందే, అంతా వీసాలోనే ఉంది.

కానీ రూమ్‌లో మొదలుపెడతా అన్నావు చూడు, అక్కడ ఆగు. తిండి అమ్మాలంటే మొదలుపెట్టడానికి 28 రోజుల ముందు కౌన్సిల్‌లో (మన మున్సిపాలిటీ లాంటిది) రిజిస్టర్ చేసుకోవాలి. దానికి డబ్బులేం కట్టక్కర్లేదు. ఆ తర్వాత వాళ్లొచ్చి వంటిల్లు చూసి సున్నా నుంచి అయిదు దాకా రేటింగ్ ఇస్తారు. ఆరుగురు కుర్రాళ్లు వాడే వంటింటికి ఏ రేటింగ్ వస్తుందో నువ్వే ఊహించుకో. ఇల్లుగలావిడ ఒప్పుకోవాలి కూడా.

నాకు మొదటి ఇన్‌స్పెక్షన్‌లో ఏమైందో చెప్తా. ఆవకాయ జాడీ చేతికిచ్చా. ఆవిడ లేబుల్ చూసి, ఇందులో అలర్జెన్లు, అంటే అలర్జీ తెచ్చే పదార్థాలు, ఏవి అంది. మామిడికాయ, కారం, ఉప్పు అని చెప్తున్నా, పేరులోనే ఆవ ఉందని నాకే తట్టలేదు. ఇక్కడ చట్టంలో 14 అలర్జెన్లు ఉంటే అందులో ఆవాలు ఒకటి. పప్పు నూనె పోశాం కాబట్టి నువ్వులు ఇంకొకటి. గోంగూరలో ఇంగువ వేస్తా, ఆ డబ్బా తిప్పి చూస్తే గోధుమ పిండి! మా అమ్మమ్మ కాలం నుంచి వేస్తున్నదానిలో గోధుమలు ఉన్నాయని స్లౌలో తెలిసింది నాకు. ప్యాక్ చేసి అమ్మేవాటి మీద ఇవన్నీ స్పష్టంగా రాయాలి, 2021 అక్టోబర్ నుంచి చిన్న కొట్లకి కూడా. నీ ఇడ్లీ కారప్పొడికీ ఇదే వర్తిస్తుంది.

రెడింగ్ నుంచి:

అందరూ వీసా వీసా అంటున్నారు కానీ, చదువుని మరీ అంత తీసిపారేయకండి. కోబ్రా బీర్ పెట్టిన కరణ్ బిలిమోరియా మన హైదరాబాద్‌లో పుట్టినవాడే. ఉస్మానియాలో బీకామ్, ఇక్కడికొచ్చి చార్టర్డ్ అకౌంటెన్సీ, తర్వాత కేంబ్రిడ్జ్‌లో లా, 1988లో పట్టా. అయినా 1989లో కోబ్రా మొదలుపెట్టేనాటికి చేతిలో ఉన్నది 20,000 పౌండ్ల అప్పే. పాత సిట్రోయెన్ కారులో సీసాలు వేసుకుని ఇండియన్ హోటళ్ల చుట్టూ తిరిగాడు. నా మటుకు నాకు ఆ మూడు చదువుల్లో అకౌంటెన్సీయే ఆయన్ని నిలబెట్టిందనిపిస్తుంది, అది నా ఊహే అనుకోండి. తమ్ముడూ, నీ కోర్సులో ఫైనాన్స్ మాడ్యూల్ ఉంటే అదొక్కటి సీరియస్‌గా చదువు. మిగతావి పాసైతే చాలు.

కొత్త ఆలోచనతో వ్యాపారం పెట్టేవాళ్లకి ఇచ్చే ఇన్నొవేటర్ ఫౌండర్ వీసా అని ఎవరైనా కన్సల్టెన్సీ వాళ్లు ఆశపెడతారు. ఒకప్పటిలా 50,000 పౌండ్లు చూపించక్కర్లేదు, నిజమే. కానీ ఆలోచన కొత్తదని ఆమోద సంస్థ ఒప్పుకోవాలి. ఇడ్లీకి ఆ సర్టిఫికెట్ రావడం కష్టం.

లెస్టర్, కేటరింగ్:

అదీ నిజమే. 18 నెలల తర్వాత ఏంటన్నది నువ్వు ఇప్పుడే ఆలోచించాలి. ఇడ్లీ కొట్టు పెట్టినంత మాత్రాన ఇక్కడ ఉండనివ్వరు. ఆ 18 నెలల్లో స్పాన్సర్ చేసే ఉద్యోగం దొరక్కపోతే, కూడబెట్టినదీ నేర్చుకున్నదీ పట్టుకుని ఖమ్మం వెళ్లడానికి సిద్ధపడే ఉండు. అది ఇష్టం లేకపోతే మేలో ఆ 7,500 కట్టకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడాల్సిన విషయం ఇది. ఖమ్మంలోనే కొట్టు పెట్టాలన్నది నీ అసలు కోరిక అయితే మాత్రం, నిజంగా చెప్తున్నా, ఆ డబ్బు కట్టకు. యూనివర్సిటీకి చెప్పి, పద్ధతిగా కోర్సు మానుకుని వెళ్లు. కట్టిన సగం పోయిందనుకో.

లెస్టర్, కొత్తగా వచ్చినవాడిని:

అందరికీ థాంక్స్. రాత్రి నాన్నకి, బాబాయ్‌కి ఫోన్ చేశాను. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. బాబాయ్ మాత్రం "అప్పు చేసి పోయినవాడివి, 18 నెలలు కొట్టు పెట్టుకునే వీలుంటే పెట్టి చూసి రా" అన్నాడు. కోర్సు పూర్తి చేస్తాను. రెండు హోటళ్లలో అడిగాను, ఒకచోట షేర్ కోడ్ (పనిచేసే హక్కు ఉందని ఆన్‌లైన్‌లో చూపించే కోడ్) తీసుకుని రమ్మన్నారు, అది మంచి గుర్తే కదా? అక్కా, నా ఒక్కడి కోసం పిండి రుబ్బితే ఈ చలికి రెండ్రోజులైనా పులవడం లేదు, ఏం చేయాలి?

స్లౌ, పచ్చళ్లు:

షేర్ కోడ్ అడిగారంటే కాగితాల మీద పెట్టుకుంటారన్నమాట, చేరిపో. పిండికి ఓవెన్ వెలిగించకు, లోపలి లైటు మాత్రం వేసి గిన్నె పెట్టు. ఉప్పు చేత్తో కలుపు, గరిటెతో కాదు. పొద్దున్నకి పొంగుతుంది. అమ్మకానికి పెట్టకు సుమా!

లెస్టర్, కేటరింగ్:

శనివారం తెల్లారి అయిదింటికి హోల్‌సేల్‌కి వెళ్తున్నా. మినప్పప్పు ఎక్కడ ఎంతో చూపిస్తా, రా. చూడ్డానికే. బస్తా మోశావంటే అదీ పని కిందకే వస్తుంది, నీ 20 గంటల్లో కోత పడుతుంది.