‘గమ్మల్‌స్వెన్స్క్‌బీ’లో ‘పాత’ ఎవరికి?

ప్రశ్న: యుక్రెయిన్‌లో ఖెర్సోన్ ప్రాంతంలో, ద్నిప్రో ఒడ్డున గమ్మల్‌స్వెన్స్క్‌బీ అని చిన్న ఊరు. స్వీడిష్‌లో గమ్మల్ అంటే పాత, స్వెన్స్క్ అంటే స్వీడిష్, బీ అంటే పల్లె. ఒక వ్యాసంలో ‘పాత స్వీడన్‌వాళ్ళ పల్లె’ అని రాశాను. పాతది ఊరా, మనుషులా అని ఎడిటర్ గారు ఆపేశారు. పెద్దలు చెప్పాలి.

జవాబు: ‘పాత టీచర్ల సంఘం’ లాంటి తిరకాసే అండీ. విగ్రహవాక్యం రెండు విధాలా చెప్పొచ్చు. జర్మన్‌లో మాత్రం ఆ ఊరిని ఆల్ట్-ష్వేడెన్‌డోర్ఫ్ అనేవారు. అక్కడ ‘ఆల్ట్’ (పాత) విడిగా నిలబడింది కాబట్టి పాతది ఊరే అనిపిస్తుంది. మన పాత గుంటూరులాగే.

మరొకరు: వ్యాకరణం సరే, ముందు ‘స్వీడన్‌వాళ్ళు’ తీసేయండి. వాళ్ళు స్వీడన్ నుంచి రాలేదు. ఇప్పటి ఎస్టోనియాలోని హీయుమా దీవిలో తరతరాలుగా ఉన్న స్వీడిష్ మాట్లాడే రైతులు. జమీందారుతో తగువు ముదిరాక, రష్యా మహారాణి రెండో కేథరిన్ ఆజ్ఞతో 1781లో వెయ్యిమందికి పైగా దక్షిణానికి బయలుదేరారు. చేరింది 1782లో. దారిలో కొందరు, చేరాక జబ్బులతో ఇంకొందరు పోయారు. 1783 నాటికి రెండు వందలమంది కూడా మిగల్లేదు!

అంతమంది పోయినా భాష నిలిచింది. నేటి ప్రామాణిక స్వీడిష్‌లో లింగాలు రెండే, వీళ్ళ మాండలికంలో పాతకాలంలోలా పుం, స్త్రీ, నపుంసకాలు మూడూ ఉన్నాయి. అందుకే ‘పాత’ను మనుషుల వైపు లాగాలని నాకు ఉంటుంది. రుజువు అడక్కండి, అది నా ఇష్టం.

1929లో దాదాపు తొమ్మిది వందలమంది స్వీడన్‌కి వెళ్ళిపోయారు. చాలామంది గోట్‌లాండ్ దీవిలో స్థిరపడ్డారు. రెండు వందలమందికి పైగా అక్కడ ఇమడలేక తిరిగొచ్చేశారు. వస్తూనే 1932-33 కరువు నెత్తిన పడింది. ఈ భాగం వ్యాసంలో కుదించకండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు మాస్టారూ. మ్యాపులో జ్మీయివ్కా అని చూపిస్తోంది. అదే ఊరా?

మరొకరు: అవును, ఇప్పుడు అందులో భాగం. పక్కన జర్మన్ వలస పల్లెలు ఉండేవి. ఒకటి ష్లాంగెన్‌డోర్ఫ్, అంటే పాముల పల్లె. యుక్రెయినియన్‌లో ‘జ్మీయా’ కూడా పామే. అచ్చం మన నంద్యాల జిల్లా పాములపాడు! 2022లో రష్యా ఆక్రమించి, నవంబరులో వదిలిపోయిన ప్రాంతం అది. తాజా వార్తల్లో వెతకాలంటే జ్మీయివ్కా అనే వెతకండి.

మొదటి జవాబు రాసినవారు: అయితే శీర్షికలో ‘పాత స్వీడిష్ పల్లె’ అనండి. ఎటైనా అన్వయించుకోవచ్చు. బ్రాకెట్లో గమ్మల్‌స్వెన్స్క్‌బీ, ‘బీ’కి దీర్ఘం మరవొద్దు. ఎడిటర్ గారు మళ్ళీ అడిగితే ఈ చర్చ చూపించండి, మిగతాది ఆయనే తేల్చుకుంటారు.