న్యూయార్క్ యూదుల డెలీలో బీఫ్ తినని మావయ్యగారికి, గుడ్డు కూడా తినని అత్తయ్యకి ఏం పెట్టించాలి?

ఎడిసన్ కోడలు:
అందరికీ నమస్కారం. మా అత్తయ్య, మావయ్య తెనాలి నుంచి వచ్చి నెలైంది. మావయ్యగారు యూట్యూబ్‌లో చూసి, లిబర్టీ విగ్రహం లేకపోయినా ఫర్వాలేదు, ఆ పాత యూదుల హోటళ్లు చూపించమంటున్నారు. ఆయన కోడి, చేప తింటారు, బీఫ్ ముట్టరు. అత్తయ్య గుడ్డు కూడా తినరు.

పోయినేడు మా అమ్మని ఒకచోటికి తీసుకెళ్లి దెబ్బతిన్నాను (పేరెందుకులెండి). బంగాళాదుంప క్నిష్ (పిండి పొరలో కూర పెట్టి కాల్చేది) శాకాహారమేనని కౌంటర్లో అబ్బాయి చెప్పాడు. సగం తిన్నాక ఇంకొకాయన వచ్చి అందులో కోడి కొవ్వు ఉందన్నాడు. అమ్మ ఆ పూటంతా మంచినీళ్లతో గడిపింది, సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఈసారి అత్తగారు. నా టెన్షన్ అర్థమైందిగా?

జెర్సీ సిటీ బ్యాచిలర్:
కాట్జ్ డెలీకి వెళ్లి పాస్ట్రమీ శాండ్‌విచ్ చెప్పండి. జన్మ ధన్యం.

పాత కాపు:
ఆవిడ బీఫ్ వద్దంటుంటే పాస్ట్రమీ అంటావేంటి తమ్ముడూ! అది గొడ్డు మాంసమే. వారాల తరబడి ఉప్పునీళ్లలో ఊరబెట్టి, మిరియాలు, ధనియాలు దట్టంగా పట్టించి, పొగబెట్టి, చివర్న ఆవిరి మీద మెత్తబరుస్తారు.

అమ్మా, నేను ఆ పాత యూదుల పేట లోయర్ ఈస్ట్ సైడ్‌లో పదకొండేళ్లు ఉద్యోగం చేశాను. మీకు కావలసిన కిటుకు ఒకటుంది. యూదుల ఆహార నియమంలో మాంసం, పాలు కలవకూడదు. అందుకే అక్కడ కొట్లు రెండు రకాలయ్యాయి. డెలికటెసెన్ (డెలీ) అంటే మాంసం కొట్టు. చేపలు, క్రీమ్ చీజ్ అమ్మేదాన్ని ‘అపెటైజింగ్’ అంటారు. అమ్మమ్మల మడి వంటిల్లు చూసినవాళ్లకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

మీ క్నిష్ గొడవ కూడా ఇక్కడే పుట్టి ఉంటుంది. మాంసం కొట్టులో వెన్న వాడకూడదు కదా, ఆ కమ్మదనం కోసం కోడి కొవ్వు వేస్తారు, ‘ష్మాల్ట్స్’ అంటారు. ఉల్లిపాయలు కూడా అందులో వేయించే అలవాటుంది. ఆ అబ్బాయికి దుంప కనిపించింది, కొవ్వు కనిపించలేదు. ఇంకోటి, ‘పారెవ్’ అని రాసి ఉంటే మాంసం, పాలు లేవని అర్థం. గుడ్డు, చేప ఉండొచ్చు. మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఎఫ్ రైలెక్కి సెకండ్ అవెన్యూ స్టేషన్‌లో దిగండి. అది హౌస్టన్ వీధి (టెక్సాస్ ఊరిలాగా హ్యూస్టన్ అంటే నవ్వుతారు). ముందు రస్ అండ్ డాటర్స్, 1914 నుంచి ఉంది. ‘అండ్ సన్స్’ బోర్డుల కాలంలో యజమాని జోయెల్ రస్ తన ముగ్గురు కూతుళ్లని భాగస్థుల్ని చేసి బోర్డు మార్చాడు. తలుపు దగ్గర నంబరు చీటీ తీసుకోండి. అత్తగారికి మామూలు బేగెల్ (మధ్యలో చిల్లున్న గుండ్రటి రొట్టె), క్రీమ్ చీజ్ చెప్పండి, ఎగ్ బేగెల్ మాత్రం వద్దు. మావయ్యగారికి నోవా పెట్టించండి. అది పొగబెట్టిన సాల్మన్. లాక్స్ అంటే వట్టి ఉప్పులో ఊరింది, మరీ ఉప్పన. చేపల కౌంటర్ పక్కన నిలబడితే ఆవిడకి ఇబ్బందేమో, అది మీరు చూసుకోండి.

అదే వీధిలో యోనా షిమ్మెల్, 1910 నుంచీ క్నిష్‌లు. వేడివేడిగా తింటే పెద్ద బోండా లోపలి కూర తిన్నట్టే ఉంటుంది. పైపిండిలో గుడ్డుందా అని అడిగాకే కొనండి.

కాట్జ్ 1888 నాటిది, అదీ ఆ వీధిలోనే. కోషర్ కాదు, అంటే యూదుల ఆహార నియమాలు పూర్తిగా పాటించరు, వంటలు మాత్రం ఆ తరహావి. మాంసం మీద చీజ్ వేసిన రూబెన్ శాండ్‌విచ్ కూడా ఇస్తారు. మావయ్యగారికి టర్కీ శాండ్‌విచ్, లేదంటే మాట్జో బాల్ సూప్. అది కోడి రసంలో పిండి ఉండలు. వెళ్లగానే ప్రతి మనిషికీ ఓ టికెట్ ఇస్తారు, తిన్నది దానిమీదే రాస్తారు. ఖాళీ టికెట్ అయినా బయటికెళ్లేటప్పుడు తిరిగివ్వాలి, పోతే డబ్బు కట్టాలి. మయొనైజ్ అడక్కండి, ఆవ ముద్ద అడగండి. తెనాలి మనిషికి నచ్చి తీరుతుంది.

ఎడిసన్ కోడలు:
వెళ్లొచ్చాం అన్నయ్యా! మావయ్యగారు టికెట్‌ని పాస్‌పోర్టులాగా చొక్కా లోపలి జేబులో దాచారు. ఆ ఆవ ముద్ద దొరికే సీసా కొనమన్నారు. అత్తయ్య బేగెల్ సగం తిని, "గారెకున్నట్టు చిల్లుంది, కారమే లేదు" అని బ్యాగులోంచి కందిపొడి తీశారు. క్రీమ్ చీజ్ మీద కందిపొడి. నేనూ తిన్నాను, బాగుంది. రై అనే ధాన్యంతో చేసిన రొట్టె కూడా కొన్నాం, ఇంటికొచ్చాక అనుమానమొచ్చింది. అందులో గుడ్డుంటుందా?

పాత కాపు:
మామూలుగా ఉండదు. పొట్లం మీద ఓసారి చదవండి. జడలాగా అల్లిన హల్లా రొట్టెలో ఉంటుంది, అది తేకండి.