పెళ్ళిళ్ళ సీజన్‌కి పాటలు సర్దడం: సందర్భం ఫోల్డర్లా, బీపీఎమ్ వరసా?

కాలవగట్టు:
డీజే పనికి సుమారు 3000 పాటలు, లాప్‌టాప్‌లో రికార్డ్‌బాక్స్ (డీజే సాఫ్ట్‌వేర్), రెండు పెన్‌డ్రైవ్‌లు ఉన్నాయి. హల్దీ, ఊరేగింపు, సంగీత్, తీర్థం, నిమజ్జనం అని ఫోల్డర్లు కట్టాలని కొందరు, బీపీఎమ్ (నిమిషానికి ఎన్ని దెబ్బలు), కీ (పాట శ్రుతి) ప్రకారం పెడితే చాలని ఇంకొందరు అంటున్నారు. మన కోనసీమ, భీమవరం వైపు పనులకి ఏది నిలబడుతుందో కారణంతో చెప్పండి.

లంకవాసి:
సందర్భమేనండి. ఊరేగింపులో పాట మొత్తం ఎక్కడ వేస్తాం? రెండు నిమిషాలు, మహా అయితే రెండున్నర. సెంటర్ రాగానే బండి ఆగుతుంది, గుడి రాగానే పాట మారాలి. ఆ క్షణంలో 104 బీపీఎమ్ పక్కన 105 ఏముందో వెతుక్కునే తీరిక ఉండదు. "గుడి ముందు" అని 15 పాటల లిస్టు ఒకటి అన్నిటికన్నా పైన ఉండాలి. బీపీఎమ్ వరసలో అమ్మవారి పాట కిందే ఐటెం సాంగ్ కూర్చుంటుంది. వేలు ఒక్క లైను జారిందంటే ఊళ్ళో గొడవే. క్రిస్మస్ పాటలూ విడిగానే ఉండాలి. డిసెంబర్లో షష్ఠి తీర్థానికీ చర్చి పనికీ కొద్ది రోజుల తేడాలోనే పిలుపు వస్తుంది.

మిక్సర్‌కాడ:
లంకవాసి గారూ, గుడి సంగతి ఒప్పుకుంటాను. కానీ ఫోల్డర్లు కట్టేవాళ్ళు చేసే పని ఏంటంటే, ఒకే పాటని నాలుగు ఫోల్డర్లలో కాపీ కొడతారు. సాఫ్ట్‌వేర్‌కి అవి నాలుగు వేరే పాటలు. ఊరేగింపు కాపీలో క్యూ (పాటలో ఎక్కడికి దూకాలో గుర్తు) పెడితే సంగీత్ కాపీలో ఉండదు. ఒకదాంట్లో గ్రిడ్ (దెబ్బ పడే చోట్ల గీతలు) సరిచేస్తే మిగతా మూడూ తప్పుగానే ఉంటాయి.

బీపీఎమ్ చూడకపోతే హాల్లో డాన్స్ ఆగిపోతుంది. టెంపో 6 శాతం జరిపితే స్వరం దాదాపు అర్ధస్వరం మారుతుంది, కీ లాక్ (స్వరం మారకుండా పట్టే బటన్) వేసినా అంతకు మించితే గొంతు నలుగుతుంది. అంటే 100 పాటకి 94 నుంచి 106 లోపలే చుట్టాలు. ఆ చుట్టరికం ఏ ఫోల్డరూ చెప్పదు.

గోదారిగట్టు:
ఇద్దరూ ఫోల్డర్నీ లిస్టునీ కలిపేస్తున్నారు. పాట ఫైలు డిస్కులో ఒక్కచోటే ఉండాలి, అదీ చేర్చిన నెల పేరుతో: 2025-01, 2025-02. ఒకసారి పెట్టాక కదపొద్దు. విండోస్‌లో ఫోల్డర్ జరిపితే రికార్డ్‌బాక్స్‌లో పాట పక్కన ఫైలు దొరకలేదని ఆశ్చర్యార్థకం పడుతుంది, అది ఎక్కడుందో మళ్ళీ చూపించుకుంటూ (రీలొకేట్) పూట గడుస్తుంది. సందర్భాలన్నీ ప్లేలిస్టులు. ఒక పాట పది లిస్టుల్లో ఉన్నా ఫైలు ఒక్కటే, క్యూలూ ఒక్కటే.

రికార్డ్‌బాక్స్‌లో మై ట్యాగ్‌కి (పాటకి మనం తగిలించే గుర్తులు) నాలుగు వరసలు ఉన్నాయి. ఒకటి సందర్భానికి, ఒకటి తాళానికి (నాలుగు దెబ్బలదా, ఆరు దెబ్బలదా), ఒకటి ఎవరికి (కుర్రాళ్ళు, ఆడవాళ్ళు, పెద్దలు), ఒకటి ఎత్తుగడకి (బీట్‌తో మొదలా, సాకీతో మొదలా). ఆ నాలుగోది మన పాటలకి చాలా ముఖ్యం. సినిమా పాట చాలాసార్లు తాళం లేని ఆలాపనతోనో డైలాగుతోనో మొదలవుతుంది. ఆ 20 సెకన్లలో బీపీఎమ్ ఎంతని రాసున్నా కలపడానికి దొరకదు. అందుకే ప్రతి పాటకీ మూడు హాట్ క్యూలు (నొక్కగానే ఆ చోటికి దూకే బటన్లు): ఏ అంటే దెబ్బ పడే చోటు, బీ అంటే పల్లవి, సీ అంటే రెండో చరణం ముందు మ్యూజిక్. అన్ని పాటల్లోనూ అదే అక్షరం, అదే రంగు. అప్పుడు చూడకుండానే చెయ్యి వెళ్తుంది.

మిక్సర్‌కాడ:
సరే, ఆరు దెబ్బల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. మన మాస్ జానపదాలు చాలావరకు ఆరు దెబ్బలవే. సాఫ్ట్‌వేర్ వాటిని నాలుగుగా లెక్కేస్తుంది. అడుగు 100కి పడే పాటని 150 అని చూపిస్తుంది. సగం చేద్దామని బటన్ నొక్కితే 75 అవుతుంది, అదీ తప్పే. 150ని ఒకటిన్నరతో భాగించాలి. కాలితో నేలమీద తట్టి, ఆ లయకి ట్యాప్ బటన్ నొక్కి చూడండి, జనం ఎక్కడ అడుగేస్తారో అదే సంఖ్య. ఇక 80ల నాటి పాటలు క్లిక్ (చెవిలో తాళం కొట్టే శబ్దం) లేకుండా వాయించినవి కొన్ని, టెంపో జారుతూ ఉంటుంది. వాటికి అనాలిసిస్‌ని (సాఫ్ట్‌వేర్ బీపీఎమ్ కొలిచే పద్ధతి) డైనమిక్‌లో పెట్టాలి, లేకపోతే రెండో చరణానికి గ్రిడ్ పక్కకి పోతుంది.

లంకవాసి:
ఇలా సరిచెయ్యకుండా బీపీఎమ్ వరస నమ్ముకుంటే ఎంత మోసమో మీరే చెప్పారుగా!

కాలవగట్టు:
వెతికేటప్పుడు పాట దొరక్కపోవడం ఇంకో బాధ. పేరు సరిగ్గానే కొడతాం, రాదు.

గోదారిగట్టు:
స్పెల్లింగ్ అండి. దీర్ఘానికి ఒకరు ఇంగ్లిష్ ఏ రెండుసార్లు కొడతారు, ఒకరు ఒక్కసారి. "వ"కి ఒకరు వి, ఒకరు డబ్ల్యూ. పైగా డౌన్‌లోడ్ సైట్లు టైటిల్ ముందే తమ పేరు తగిలిస్తాయి, దాంతో వరస అంతా ఒకే అక్షరం కింద పడుతుంది. ఎమ్‌పీ3ట్యాగ్‌లో (పాట వివరాలు దిద్దే సాఫ్ట్‌వేర్) ఆ ముక్క ఒకేసారి కొట్టేసి, దీర్ఘం లేని స్పెల్లింగ్ ఒకటే నియమంగా పెట్టుకోండి. ఆర్టిస్ట్ గడిలో సినిమా పేరు రాయండి, అడిగేవాళ్ళు పాటని సినిమా పేరుతోనే అడుగుతారు. తెలుగు లిపిలో మాత్రం రాయొద్దు, పాత ప్లేయర్ల తెర మీద డబ్బాలు కనపడతాయి.

320 కేబీపీఎస్ (నాణ్యత కొలత) అని రాసున్నవన్నీ 320 కావు. స్పెక్‌లో (ధ్వనిని బొమ్మగా చూపే సాఫ్ట్‌వేర్) తెరవండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతే అది చాలావరకు 128నే సాగదీసింది. లాప్‌టాప్ స్పీకర్‌లో తెలీదు, నాలుగు టాప్‌ల (పెద్ద స్పీకర్ల) మీద కంచు తాళాలు రేకు కొట్టినట్టు వినపడతాయి. దాన్ని లిస్టుల్లోంచి తీసెయ్యండి.

మిక్సర్‌కాడ:
కొత్త పాట గట్టిగా, పాతది మెల్లగా ఉండకుండా ఎమ్‌పీ3గెయిన్‌లో (పాటల శబ్దం సమం చేసే సాఫ్ట్‌వేర్) అన్నీ 89 డెసిబెల్స్‌కి తెచ్చుకోండి. ఒకటిన్నర డెసిబెల్ మెట్లలో మారుస్తుంది, ధ్వనిని మళ్ళీ కుదించదు. కొత్తవి తగ్గినట్టు అనిపిస్తాయి, ఆ తేడా మిక్సర్ మాస్టర్‌లో పెంచుకోవాలి.

కాలవగట్టు:
మరి కీ సంగతి? క్యామెలాట్ నంబర్లు (ఒక్కో కీకి 8ఏ, 8బీ లాంటి గుర్తులు) అవసరమా?

మిక్సర్‌కాడ:
హాల్లో సంగీత్‌కి అవసరం. 8ఏ నుంచి 7ఏ, 9ఏ, 8బీ, ఇవి కలుస్తాయి. గొంతుల మీద గొంతులు 20 సెకన్లు నడిచినప్పుడే తేడా తెలుస్తుంది.

లంకవాసి:
ఊరేగింపులో డప్పులు పక్కనే మోగుతుంటే కీ ఎవరికి వినపడుతుంది? అక్కడ చూడాల్సింది గడియారం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటితే మైకు ఆపాలి, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. కాబట్టి బాగా ఊపే 20 పాటలు తొమ్మిదింపావు నుంచి పడేలా విడిగా లిస్టు కట్టుకోండి. నాలుగు గంటల పనికి 120 పాటలు పడతాయి, లిస్టులో 200 పెడితే చాలు. 3000లోనూ వెతకొద్దు.

గోదారిగట్టు:
ఆ 200 లిస్టుని ట్యాగులతో స్మార్ట్‌గా కడితే కొత్త పాట దానంతటదే వచ్చి చేరుతుంది కదండీ.

లంకవాసి:
మిగతావి మీ ఇష్టం. "గుడి ముందు" లిస్టు మాత్రం చేత్తోనే కట్టాలి, ప్రతి పాటా చివరిదాకా విని. ఒక్క ట్యాగ్ తప్పు పడినా అందులోకి ఏం వచ్చి దూరుతుందో ఎవరికి తెలుసు?

గోదారిగట్టు:
ఆ ఒక్కదానికి ఒప్పుకుంటాను. కాలవగట్టు గారూ, పెన్‌డ్రైవ్‌లు రెండూ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంచండి. పాత సీడీజేలు (డీజే ప్లేయర్లు) ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్ చదవవు. విండోస్ మామూలు ఫార్మాట్ పెట్టెలో 32 జీబీ దాటితే ఆ ఎంపిక చాలావరకు కనపడదు, అప్పుడు వేరే టూల్ వాడాలి. రెండిట్లోకీ రికార్డ్‌బాక్స్ నుంచే ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. ఒకదాన్నుంచి పాటలు మాత్రమే ఇంకోదాన్లోకి కాపీ కొడితే లిస్టులూ క్యూలూ రావు. జనరేటర్ మీద నడిచే పనికి లాప్‌టాప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, రెండో డ్రైవ్ రెండో ప్లేయర్‌లోనే గుచ్చి ఉంచండి.