పడమటి గోడకి కాల్చిన చెక్క తొడుగు: బెజవాడ ఎండకి ఆగుతుందా?

పటమట_వాసి: ఇంటి వెనక పడమటి వైపు ఒక గది పెంచుతున్నాం. బయటి గోడకి కాల్చి నల్లగా చేసిన చెక్క పలకలు వేయిద్దామని ఉంది. జపాన్‌లో దీన్ని యాకిసుగి అంటారు. మూడు పలకల్ని పొగగొట్టంలా కట్టి నిలబెట్టి లోపల మంట పెడతారు, లోపలి ముఖం బొగ్గు కాగానే విడదీసి నీళ్లు కొడతారు. ఆ బొగ్గు పొరే కుళ్లుకి అడ్డు. మన దగ్గర ఎవరైనా చేయించారా?

గుంటూరు_మేస్త్రి: మే నెలలో బెజవాడ ఎండ, పడమటి గోడ, పైగా నలుపు. గదిలో ఇడ్లీలు ఉడుకుతాయి. వద్దు.

పటమట_వాసి: పలకలు గోడకి అంటించరండీ. బద్దీలు కొట్టి అంగుళం సందు వదిలి, కిందా పైనా తెరిచి ఉంచితే వేడెక్కిన గాలి పైకి పోతూ ఉంటుంది. ఎండ పలక మీద పడుతుంది, ఇటుక మీద కాదు.

గుంటూరు_మేస్త్రి: ఆ సందులో ఎలుకలు కాపురం పెడతాయి. తర్వాత చెద. మా హాల్లో చెక్క ప్యానెల్ వేయించాను, మందు కొట్టామన్నారు. రెండో వానాకాలానికి వేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది, పైన పాలిష్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంది!

కృష్ణలంక_శీను: జాలీ కొట్టిస్తే ఎలుకలు రావుగా.

తెనాలి_రైతు: మేం కంచె గుంజల మొదళ్లు కాల్చే పాతుతాం. కాస్త ఎక్కువ కాలం నిలుస్తాయి. చెద రాదని మాత్రం అనను, బొగ్గు పగిలిన చోట దూరుతుంది.

గుంటూరు_మేస్త్రి: విన్నారా!

పటమట_వాసి: ఎక్కువ కాలం నిలుస్తాయనీ అన్నారు, అది మీకు కనపడలేదు.

గీత_డిజైన్స్: ఏ చెక్కో చెప్పకుండా ఈ గొడవేంటి? జపాన్ వాళ్లు కాల్చే సుగి తేలిక చెక్క, బొగ్గు పొర బాగా కడుతుంది. మీది?

పటమట_వాసి: టేకు. ఊళ్లో మా పాత ఇల్లు విప్పాం, ఆ దూలాలూ వాసాలే. ఒక ముక్క గ్యాస్ టార్చితో కాల్చి చూశా. బ్రష్‌తో రుద్ది అవిసె నూనె రాస్తే నార గీతలు పైకి తేలి ఎంత బాగుందో. రుద్దని చోట మసి చొక్కాకి అంటింది, అది వేరే సంగతి.

గీత_డిజైన్స్: చేవదేరిన టేకు కుళ్లుకీ చెదకీ తనంతట తానే ఆగుతుంది. కాల్చేది చూపుకేనన్నమాట.

గుంటూరు_మేస్త్రి: పాత టేకుని కాలుస్తావా! మా నాన్న ఇంటి కలప మా అన్న నాకో మాటైనా చెప్పకుండా అమ్మేశాడు. నడవ స్తంభం మీద మా పొడుగు కొలిచిన గీతలుండేవి. ఇంట్లో అడిగావా అసలు? ఆ గది ఎవరికి?

పటమట_వాసి: మీ అన్న మీద కోపం నా మీద చూపించకండి.

కృష్ణలంక_శీను: అడిగినదానికి చెప్పలేదు మాస్టారూ.

పటమట_వాసి: అమ్మకి. ఊరు వదిలి మా దగ్గరికి వస్తోంది. ఫోటో చూపిస్తే "నేను కాపురం చేసిన ఇంటిని కాల్చి నా చుట్టూ పేరుస్తావా" అంది. ఇక్కడ నలుగురు బాగుందంటే అవి చూపించి ఒప్పిద్దామనుకున్నా.

గీత_డిజైన్స్: కాల్చకుండా నూనె రాసి వేయండి. ఎండకి బూడిద రంగు తిరుగుతుంది, అంతే.

గుంటూరు_మేస్త్రి: బాబూ, స్తంభాలుంటే మాత్రం కోయించకు.

పటమట_వాసి: రెండున్నాయి. రేపు కోత మిల్లులో పక్కన పెట్టమంటాను. పలకల సంగతి ఇంకా తేల్చుకోలేదు.

గుంటూరు_మేస్త్రి: తేల్చుకో. నలుపైతే మాత్రం వేడే.