ఎగిరే సీగల్స్ ఫోటోలు: కాకినాడలో ఎండ ఎటు, గాలి ఎటు?

గోదారి_గట్టు:
నమస్కారం అండి. మాది రాజమండ్రి. చలికాలం మొదలైన దగ్గర్నుంచి వీలు దొరికిన ఆదివారమల్లా చీకటితో బండి తీసి కాకినాడ కుంభాభిషేకం రేవుకి వస్తున్నాను. కెమెరా నికాన్ డి7500, లెన్స్ 200-500 ఎంఎం. బురదలో నిలబడ్డ పక్షులు బాగానే పడుతున్నాయి. గల్స్ గాల్లోకి లేస్తే మాత్రం ఆకాశం ముందు నల్లగా మసిబొమ్మల్లా వస్తున్నాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగు) పెంచితే నీళ్ల మీదకి దిగేసరికి రెక్కలు తెల్లగా మాడిపోతున్నాయి. ఫోకస్ చాలాసార్లు అల మీదకి పోతోంది. సెట్టింగ్స్ ఏం పెట్టాలో ఎవరైనా చెప్తారా?

టెలీలెన్స్_బాబ్జీ:
షట్టర్ 1/2000 కంటే దించకండి. ఫోకస్ ఏఎఫ్-సి (కదిలేదాన్ని వెంటాడే ఫోకస్), బర్స్ట్ మోడ్ (వరసగా ఫోటోలు). మిగతాది ప్రాక్టీసే.

పెళ్లికెమెరా_కాకినాడ:
బాబ్జీ గారు చెప్పింది కరెక్టే గానండి, మీ ఇబ్బంది అక్కడ లేదు. మన రేవు తూర్పుముఖం. పొద్దున్నే ఒడ్డున నిలబడి సముద్రం వైపు కెమెరా ఎత్తితే సూర్యుడు సరిగ్గా ఎదురు. ఏ సెట్టింగ్ పెట్టినా పక్షికి అవతలి పక్కే వెలుగు. మధ్యాహ్నం మూడు దాటాక రండి. అప్పుడు ఎండ మీ వీపు మీద ఉంటుంది.

ఇక గాలి. గల్ లేచినా దిగినా గాలికి ఎదురుగానే. ఎదురుగాలిలో నెమ్మదిగా పోతుంది, ఒక్కోసారి ఉన్నచోటే తేలుతుంది, మనకి కావలసింది అదే. తూర్పు తీరంలో చిక్కేంటంటే, సాయంత్రం ఎండ పడమటి నుంచి, సముద్రపు గాలి తూర్పు నుంచి. పక్షులన్నీ సముద్రం వైపు ముక్కు పెట్టి మనకి తోకలు చూపిస్తాయి. డిసెంబరు, జనవరిలో ఈశాన్యం గాలి గట్టిగా ఉన్న రోజు చూసుకోండి. అది ఒడ్డు వెంబడి వస్తుంది కాబట్టి పక్షి మీ ముందు నుంచి అడ్డంగా, తీరిగ్గా పోతుంది. కన్ను, ముక్కు, రెండు రెక్కలూ కనపడతాయి. నేనైతే బయల్దేరే ముందు ఫోన్లో వాన సంగతి చూడను, గాలి దిక్కు చూస్తాను.

పొద్దున్నే రావాలని ఉంటే పడవ మాట్లాడుకోండి. చేపల పడవలు తిరిగొస్తూ వలలు దులుపుతుంటే గల్స్ మూగుతాయి. మీ పడవవాణ్ణి ఆ చేపల పడవకి తూర్పు పక్కన, కాస్త దూరంగా ఉంచమనండి. అప్పుడు ఎండ మీ వెనకాల, పక్షులు మీ ముందు, వాటి వెనక ఒడ్డు తాలూకు మడచెట్లు. నీలాకాశం కంటే ఆ ముదురాకుపచ్చ ముందు తెల్ల రెక్క ఎంత బాగుంటుందో మీరే చూస్తారు.

ఎక్స్‌పోజర్ సంగతి. నేను పెళ్లిళ్లు తీసేవాణ్ణి. మధుపర్కాల్లో ఉన్న వధూవరుల్ని పందిరి నీడలో తీసినా, వెనకాల లైట్ల గోడ ముందు తీసినా బట్ట తెలుపు తెలుపుగానే ఉండాలి కదా. గల్ కూడా అంతే. వెనకాల ఆకాశం వచ్చినా నీళ్లు వచ్చినా పక్షి మీద పడే ఎండ మారదు. మారేది వెలుతురు కొలిచే కెమెరా మీటర్ చూసే లెక్క. కాబట్టి మీటర్ని నమ్మకండి, పూర్తిగా మాన్యువల్‌లో పెట్టండి. ఆటో ఐఎస్ఓ (వెలుగు పట్టే చురుకుని కెమెరాయే మార్చుకోవడం) కూడా వద్దు. మబ్బు లేని ఎండలో ఐఎస్ఓ 400, లెన్స్ రంధ్రం ఎఫ్/6.3, షట్టర్ 1/3200తో మొదలుపెట్టండి. ఎండలో నిలబడ్డ తెల్ల కొంగని ఒకటి తీసి, వెనక స్క్రీన్ మీద హైలైట్స్ (మరీ తెల్లబోయిన చోట్లు) మెరుస్తున్నాయేమో చూడండి. మెరిస్తే షట్టర్ ఇంకో మెట్టు పెంచండి. మబ్బు అడ్డొస్తేనో, పొద్దు వాలితేనో తప్ప తర్వాత దాన్ని ముట్టుకోవద్దు.

ఫోకస్ అల మీదకి పోతోందన్నారు. గ్రూప్ ఏరియా అనే ఫోకస్ పద్ధతిలో ఉందా? దానికి దగ్గరగా ఉన్నదేదో అదే కావాలి. ఆకాశంలో పక్షికైతే హాయిగా పనిచేస్తుంది, నీళ్లకి ఆనుకుని పోయే పక్షికి మాత్రం ముందున్న అలని పట్టుకుంటుంది. కింద ఎగిరేవాటికి డైనమిక్ 21 (21 పాయింట్ల పద్ధతి) పెట్టి, మధ్య పాయింట్ పక్షి మీదే ఉంచండి. లెన్స్ పక్కన లిమిటర్ స్విచ్ ఉంటుంది చూడండి, దాన్ని 6 మీటర్ల నుంచి ఇన్ఫినిటీకి పెట్టేస్తే ఫోకస్ దగ్గరి నుంచి దూరందాకా వెతుక్కుంటూ పోదు. వీఆర్ (చేతి వణుకు తగ్గించేది) ఒడ్డు మీద ఆఫ్, పడవలో స్పోర్ట్. పక్షి దూరంగా చుక్కలా ఉన్నప్పుడే కెమెరా ఎత్తి వెంబడించండి, దగ్గరికొచ్చాక ఎత్తితే ఫ్రేములో దొరకదు.

యమున_ఒడ్డు_తెలుగోడు:
మాకు ఢిల్లీలో ఇంత కష్టం లేదు అన్నా. యమునా ఘాట్‌లో చలికాలం పడవవాళ్లు కారప్పూస చల్లుతారు, గల్స్ వందల్లో నెత్తి మీదకి వస్తాయి. 24-70 లెన్స్ చాలు. మీరూ ఓ ప్యాకెట్ పట్టుకెళ్లొచ్చుగా?

పెళ్లికెమెరా_కాకినాడ:
వద్దు తమ్ముడూ. నూనెలో వేయించిన ఉప్పుకారం వాటి తిండి కాదు. పైగా అలాంటి ఫోటోల్లో ప్రతి పక్షీ నోరు తెరిచి ఒకే భంగిమలో ఉంటుంది. పొగమంచులో యమున మీద మీరు తీసినవి బాగుంటాయని ఒప్పుకుంటాను. ఆ అందం మంచుది, కారప్పూసది కాదు.

గోదారి_గట్టు:
చాలా థాంక్సండి. నిజమే, గ్రూప్ ఏరియాలోనే ఉంది. ఇంకొక్క సందేహం. నేను తీసినవి బ్రౌన్ హెడెడా, బ్లాక్ హెడెడా తెలియట్లేదు. దేనికీ తల మీద రంగు లేదు, చెవి దగ్గర చుక్క మాత్రం ఉంది.

పెళ్లికెమెరా_కాకినాడ:
చలికాలం రెండూ అలాగే ఉంటాయండి. రెక్క కొన చూడండి. నలుపు మధ్యలో తెల్ల మచ్చలుంటే ఎదిగిన బ్రౌన్ హెడెడ్, కన్ను కూడా లేతరంగు. రెక్క ముందంచు పొడుగూతా తెల్లగా ఉండి కన్ను నల్లగా ఉంటే బ్లాక్ హెడెడ్. మార్చి దాకా ఓపిక పడితే బ్రౌన్ హెడెడ్‌కి తల గోధుమరంగు తిరుగుతుంది. ఆ రంగుతోనే లడఖ్, టిబెట్ సరస్సుల వైపు గుడ్లు పెట్టుకోవడానికి వెళ్లిపోతాయి. వాటి మధ్యలో బాతంత లావు శరీరం, పసుపు ముక్కు కొన దగ్గర నల్ల పట్టీ ఉన్నది కనపడితే అది పల్లాస్ గల్. మిగతావన్నీ వదిలేసి దాని వెంట పడండి.

ఒకటి మర్చిపోయాను, పోటు వేళ కనుక్కుని రండి. పాటులో బురద అరకిలోమీటరు బయటపడితే 500 కూడా చాలదు. పోటు ఎక్కుతుంటే నీళ్లే వాటిని మీ వైపు తోలుకొస్తాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో ఇంకా దగ్గరికి.

గోదారి_గట్టు:
సరేనండి, మూడింటికల్లా వస్తాను. బండి ఎక్కడ పెట్టమంటారు?

పెళ్లికెమెరా_కాకినాడ:
ఎక్కడైనా పెట్టండి గానీ ఎండుచేపలు ఆరబోసిన చోట మాత్రం వద్దు, ఆడాళ్లు తిడతారు.