లవంగ నూనె, సీసాలో అమ్మే యూజినాల్ రెండూ ఒకటేనా? పంటినొప్పికి పెట్టవచ్చా?

ఇంటిసబ్బు:
సభ్యులందరికీ నమస్కారం. నేను ఇంట్లో సబ్బులు చేసి తెలిసినవారికి అమ్ముతుంటాను. లవంగ మొగ్గ నూనె అని చెప్పి ఒక వ్యాపారి పంపిన సీసా ఒకటి, యూజినాల్ అని చీటీ అంటించిన మరో వ్యాపారి సీసా ఒకటి ప్రస్తుతం నా దగ్గర ఉన్నాయి. మూత తీస్తే రెండింటికీ ముక్కుపుటాలు మండించే అదే ఘాటు. మొదటిదాన్ని పోయిన వారం సబ్బు పిండిలో పోశాను. పోసిన నిమిషంలోనే పిండి బిగుసుకుపోయి, గరిటె గిన్నెలో నిటారుగా నిలబడిపోయింది, రంగు బెల్లం పాకంలా మారింది. ఇది కల్తీ వల్ల జరిగిందా అన్నది నా మొదటి సందేహం. రెండవది ఇంతకంటే ముఖ్యమైనది. మా అత్తగారు పంటినొప్పి వచ్చినప్పుడల్లా ఈ సీసాలలోంచే దూదితో అద్దుకుంటున్నారు. రెండింటిలో ఏది మేలో తెలిసినవారు చెప్పగలరు.

పాత_లెక్చరర్:
అమ్మా, ముందు సబ్బు సంగతి చెబుతాను. పిండి బిగుసుకోవడం కల్తీకి గుర్తు కాదు. లవంగ నూనెలో ముఖ్య భాగమైన యూజినాల్, కొద్దిగా ఆమ్ల గుణం ఉండే ఫినాల్ జాతికి చెందిన పదార్థం కనుక సబ్బులోని కాస్టిక్ సోడాతో వెంటనే కలబడుతుంది. మీ నూనెలో అది దండిగా ఉన్నందువల్లనే పిండి అంత తొందరగా గట్టిపడింది. రంగు మారడం కూడా దాని గుణమే. కొత్తగా ఉన్నప్పుడు లేత పసుపుగా కనిపించే ద్రవం గాలి, వెలుతురు తగిలేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఇక రెండు సీసాల మాట. యూజినాల్ అనేది ఒకే అణువు: 10 కార్బన్, 12 హైడ్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువుల కూర్పు. లవంగ చెట్టుకు ఒకప్పుడు ఉన్న యూజీనియా అన్న శాస్త్రీయ నామం నుంచే దానికి ఆ పేరు వచ్చింది. మొగ్గ నూనెలో అది సాధారణంగా 70 నుంచి 90 శాతం దాకా ఉంటుంది, మిగిలినదానిలో యూజినైల్ ఎసిటేట్, కారియోఫిలీన్ ముఖ్యమైనవి. ఆకుల నుంచి తీసిన నూనెలో యూజినాల్ దాదాపు అంతే ఉన్నా ఎసిటేట్ బాగా తక్కువ. అందుకే ఆకు నూనె వాసన మొరటుగా ఉంటుంది, ధర కూడా తక్కువ పలుకుతుంది. పంటిని తిమ్మిరెక్కించే పని మాత్రం ఏ సీసాలోనైనా యూజినాలే చేస్తుంది. లవంగం నుంచి వచ్చినా, తులసి నుంచి వచ్చినా, దాల్చిన ఆకు నుంచి వచ్చినా ఆ అణువులో తేడా ఉండదు.

లంకగ్రామం:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను. చెట్టు ఇచ్చినదీ సీసాలో తయారైనదీ ఒకటే అనడం నేను ఒప్పుకోలేను. మా నాయనమ్మ 86 ఏళ్ళు బతికింది, చివరిదాకా లవంగంతోనే పళ్ళు కాపాడుకుంది. కల్తీ లేని నూనెను కనిపెట్టడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. స్టీలు గ్లాసు నిండా నీళ్ళు తీసుకుని ఒక చుక్క వేయాలి. అసలైన లవంగ నూనె ముత్యంలా అడుగుకు దిగుతుంది, కల్తీది పైన తేలుతుంది. ఇంటిసబ్బు గారు ఆ పరీక్ష చేసుకుంటే చాలు, అణువుల లెక్క అవసరం లేదు.

రాత్రిడ్యూటీ:
ఆ గ్లాసు పరీక్ష మా అమ్మ కూడా చేస్తుంది.

పాత_లెక్చరర్:
ఆ పరీక్ష సగం నిజమే, మిగతా సగం మోసం చేస్తుంది. లవంగ నూనె నీటికంటే బరువైనది, నీటి సాంద్రత 1 అయితే దీనిది ఇంచుమించు 1.05 ఉంటుంది కనుక మునుగుతుంది. ఇప్పుడు నాలుగు పాళ్ళ లవంగ నూనెలో ఒక పాలు వంటనూనె కలిపారనుకుందాం. వంటనూనె సాంద్రత 0.92. ఆ మిశ్రమం సాంద్రత 1.02 దగ్గర ఉంటుంది, అంటే ఐదింట ఒక వంతు కల్తీ జరిగిన నూనె కూడా మీ గ్లాసులో ముత్యంలాగే దిగుతుంది. పైగా కర్మాగారంలో శుద్ధి చేసిన యూజినాల్ సాంద్రత 1.06 పైన ఉంటుంది కనుక మీరు వద్దంటున్న ఆ సీసాలోనిదే అన్నిటికంటే చక్కగా మునుగుతుంది. ఇంతకంటే తెల్ల కాగితం నయం. ఒక చుక్క వేసి కొన్ని రోజులు గాలికి వదిలితే సుగంధ తైలం చాలావరకు ఎగిరిపోతుంది, వంటనూనె ఉంటే జిడ్డు మరక అలాగే మిగులుతుంది.

లంకగ్రామం:
మునగడం నిజమేనని మీరే ఒప్పుకున్నారు. నేను చెప్పిందీ అదే.

మామిడితోట:
మా తోటలో పండు ఈగల బుట్టల్లో మిథైల్ యూజినాల్ పెడతాము. అది కూడా ఇదేనా?

పాత_లెక్చరర్:
దగ్గరి బంధువు, కానీ వేరే పదార్థం. యూజినాల్ అణువుకు ఒక పక్కన ఉన్న హైడ్రోజన్ స్థానంలో మిథైల్ సమూహం చేరితే మిథైల్ యూజినాల్ అవుతుంది. మగ పండు ఈగలు దానికి ఎగబడి వస్తాయి. దయచేసి ఆ సీసాను నోటి దగ్గరకు రానివ్వకండి. జంతువులపై చేసిన పరీక్షలలో అది క్యాన్సర్ కలిగించినట్లు తేలడంతో, కృత్రిమంగా తయారు చేసిన మిథైల్ యూజినాల్‌ను ఆహారంలో రుచి కోసం వాడే అనుమతిని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో తొలగించింది.

లంకగ్రామం:
కృత్రిమమైనదాన్ని తొలగించారని మీ నోటితోనే చెప్పారు. మసాలా దినుసుల్లో సహజంగా ఉన్నదాన్ని ఎందుకు తొలగించలేదు? రెండూ ఒకటే అయితే చట్టం ఒకదాన్ని పట్టుకుని మరొకదాన్ని ఎందుకు వదిలేసింది?

పాత_లెక్చరర్:
అది రసాయన శాస్త్రం చేసిన తేడా కాదమ్మా, చట్టం రాసిన తీరు. జంతువులలో క్యాన్సర్ కలిగించే పదార్థాన్ని ఆహారంలో కలిపేందుకు అనుమతించరాదని అక్కడ పాత నిబంధన ఒకటి ఉంది. రుచి కోసం వాడే ఆ కొద్ది మోతాదులో ప్రజలకు ముప్పు కనిపించడం లేదని అదే సంస్థ చెప్పింది కూడా. తులసిలో, జాజికాయలో ఉన్న మిథైల్ యూజినాల్ ఆ నిబంధన కిందకు రాలేదు కనుక మిగిలిపోయింది. అణువు అక్కడా ఇక్కడా అదే.

బెర్లిన్_తెలుగు:
ఐరోపాలో సబ్బు, షాంపూ సీసాల మీద యూజినాల్ పేరు విడిగా రాయాలి. ఒళ్ళు కడుక్కునే వాటిలో 0.01 శాతం, ఒంటికి రాసి వదిలేసే వాటిలో 0.001 శాతం దాటితే చాలు. ఆ సీసాలోని యూజినాల్ పువ్వునుంచి వచ్చిందా, ఫ్యాక్టరీనుంచి వచ్చిందా అన్న భేదం ఆ చట్టంలో లేదు.

ఇంటిసబ్బు:
బెర్లిన్ గారు చెప్పినది చదివాక ఒక విషయం దాచకుండా చెప్పాలనిపిస్తోంది. కిందటి ఏడాది నా లవంగ సబ్బు వాడిన ఒకావిడకు మోచేతుల మడతల్లో ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. ఆవిడ అడిగినప్పుడు నేను ఇది పూర్తిగా సహజమైనది, దీనివల్ల రాదు అన్నాను. వ్యాపారి నాకు చెప్పిన మాటే నేను ఆవిడకు అప్పజెప్పాను. ఆ నూనె మొగ్గ నూనె ధరకు అంటగట్టిన ఆకు నూనె అని తర్వాత తెలిసింది. ఆవిడ మళ్ళీ మా ఇంటికి రాలేదు.

పంటివైద్యుడు:
మూడు రోజులుగా చదువుతున్నాను. గ్లాసులో మునుగుతుందా తేలుతుందా అన్నదానిమీద ఇంత చర్చ జరిగింది, చిగురు మీద పెడితే ఏమవుతుందో ఒక్కరూ అడగలేదు. కల్తీ లేని లవంగ నూనెను దూదితో నేరుగా చిగురుకు ఆనిస్తే ఆ చోట కాలి తెల్లటి పొర లేస్తుంది. నా కుర్చీలో వారానికి ఒకరైనా అటువంటి నోటితో కూర్చుంటారు. యూజినాల్ మా వైద్యంలో లేదని కాదు, తరతరాలుగా ఉంది. జింక్ ఆక్సైడ్ పొడిలో యూజినాల్ కలిపి నూరితే ముద్దగా గట్టిపడుతుంది, దాన్ని తాత్కాలిక సిమెంటుగా పంటిలో నింపుతాము. పాత దంతవైద్యశాలలకు ఉండే వాసన అదే. కానీ ఆ ముద్దలో యూజినాల్ జింకుతో బంధమై ఉండి కొద్దికొద్దిగా మాత్రమే బయటపడుతుంది. సీసాలోని చుక్కకు ఆ కట్టుబాటు లేదు. నొప్పిని నరం దగ్గర ఆపుతుంది తప్ప పుచ్చును ఆపదు. నొప్పి తగ్గిందని మూడు వారాలు నూనె అద్దుకుంటూ గడిపిన ఒక యువకుడు చీము మెడదాకా దిగి, నోరు తెరవలేని స్థితిలో వచ్చాడు. నాయనమ్మల కథలు చెప్పేవారు ఆ పిల్లవాడి దవడ చూసి ఉండాల్సింది.

లంకగ్రామం:
డాక్టర్ గారూ, మా నాయనమ్మను మధ్యలోకి తేవద్దు. మీరు చూసిన దవడ సంగతి చెప్పారు కనుక నేను చూసినది చెబుతాను. మా నాన్నగారిని పట్నంలో ఒక దంతవైద్యశాలకు తీసుకెళితే పుచ్చిన పన్ను వదిలేసి పక్కనున్న గట్టి పన్ను పీకారు. అడిగితే అదీ పాడైందన్నారు. డబ్బు తీసుకున్నారు, మళ్ళీ రమ్మన్నారు. ఇంటికొచ్చి లవంగం కొరుక్కుని ఆయన ఆ రాత్రి నిద్రపోయారు. మీ వృత్తిని నమ్మమనే ముందు ఇటువంటివాటికి జవాబు చెప్పండి.

పంటివైద్యుడు:
ఎవరో చేసిన తప్పుకు నేను జవాబుదారీ కాదు. ఒకరు తప్పు పన్ను పీకారని ఊరంతా నోళ్ళు కాల్చుకోవాలా?

రాత్రిడ్యూటీ:
ఇద్దరూ కాస్త శాంతించండి. ఇంటిసబ్బు గారి అత్తగారి ప్రశ్న అలాగే ఉండిపోయింది.

లంకగ్రామం:
నేను శాంతంగానే అడుగుతున్నాను. మాది గోదావరి లంక. రాత్రి ఎనిమిది దాటితే పడవ ఉండదు. అర్ధరాత్రి రెండు గంటలకు ఇంట్లో మనిషి దవడ పట్టుకుని గోడకు తల కొట్టుకుంటుంటే ఏమి చేయాలి? లవంగం పుచ్చును బాగు చేస్తుందని నేను ఒక్కసారి కూడా అనలేదు, కావాలంటే పైనుంచి మళ్ళీ చదవండి. తెల్లవారేదాకా ఆ మనిషి ఓర్చుకునేలా చేస్తుందనే అంటున్నాను. వద్దు అనడం తేలిక డాక్టర్ గారూ, దానికి బదులు ఏమిటో మీరు ఇంతవరకు చెప్పలేదు.

పంటివైద్యుడు:
(ఒక రోజు తర్వాత) నేను ఆ ప్రశ్నకు నిజంగానే జవాబు చెప్పలేదు. లంకగ్రామం గారి మాట న్యాయమైనది, నా మాటల్లో కటువుతనం వచ్చినందుకు మన్నించండి.

పెద్దవారికైతే చెంచాడు కొబ్బరి నూనెలో రెండు మూడు చుక్కల లవంగ నూనె కలిపి, చిన్న దూది ఉండను అందులో ముంచి పిండి, చిగురుకు తగలకుండా పుచ్చు గుంటలో మాత్రమే పెట్టండి. కొద్దిసేపటికి తీసి ఉమ్మేయండి, మింగవద్దు. తెల్లవారగానే వైద్యుడి దగ్గరకు రండి, నూనె పెట్టిన సంగతి తప్పక చెప్పండి. ఎందుకంటే యూజినాల్ అంటుకున్న చోట పన్ను నింపడానికి మేము పెట్టే తెల్ల రెసిన్ సరిగా గట్టిపడదు. జ్వరమో, వాపో ఉంటే నూనెతో ఒక్క పూట కూడా గడపవద్దు.

పిల్లలకు వద్దు. ఇక్కడ నేను ఎవరితోనూ రాజీపడను. యూజినాల్‌ను మనిషి రోజూ తిన్నా ఫరవాలేదని అంతర్జాతీయ నిపుణుల సంఘం 1982లో పెట్టిన పరిమితి కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు. అది విషమయ్యే గీత కాదు, జాగ్రత్త కోసం గీసిన గీత. అయినా పది కిలోల పిల్లకు అది 25 మిల్లీగ్రాములే, అంటే ఒక్క చుక్క కూడా రాదు. ఐదు నుంచి పది మిల్లీలీటర్ల లవంగ నూనె తాగిన రెండేళ్ళ పిల్లవాడు కోమాలోకి వెళ్ళి, కాలేయం దెబ్బతిన్న ఉదంతం 1993లో వైద్య పత్రికలో వచ్చింది. మీ నాయనమ్మగారి దగ్గర ఉన్నది లవంగమమ్మా, ఈ సీసా కాదు. నా భయమంతా ఆ సీసా గురించే.

ఇంటిసబ్బు:
డాక్టర్ గారి చివరి మాట చదివి నా తూకం ముందు కూర్చున్నాను. వంటింటి డబ్బాలోంచి 50 లవంగాలు లెక్కపెట్టి వేస్తే 4.6 గ్రాములు వచ్చింది. అంటే ఒక్కొక్కటి గ్రాములో పదోవంతుకంటే కొంచెం తక్కువ. లవంగంలో నూనె ఎంత ఉంటుంది మాస్టారూ?

పాత_లెక్చరర్:
మంచి లవంగంలో 15 నుంచి 20 శాతం. మీ తూకం ప్రకారం ఒక్క లవంగంలో 14 నుంచి 18 మిల్లీగ్రాములు. సీసాలోంచి పడే ఒక చుక్క 30 నుంచి 40 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. లవంగం నమిలితే అదంతా ఒకేసారి బయటికి రాదు, ఉమ్మితో కలిసి మెల్లగా ఊరుతుంది. చుక్క అయితే పడిన చోటనే మొత్తం పడుతుంది. నేను మొదటినుంచి అణువు ఒకటే అంటూ వచ్చాను, అది ఇప్పటికీ నిజమే. కానీ లంకగ్రామం గారు లవంగాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారని, నేను సీసాను పెట్టుకుని మాట్లాడుతున్నానని ఇప్పుడే గ్రహించాను.

లంకగ్రామం:
ఈ లెక్క నాకు అర్థమైంది మాస్టారూ. లవంగానికీ చుక్కకూ తేడా ఉందని ఒప్పుకుంటాను. సీసా మాత్రం పారేయను. పడవ లేని రాత్రులు మాకు ఇంకా ఉంటాయి. మనవడికి అందకుండా అటక మీద బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను.

పంటివైద్యుడు:
అటక మీద కాకుండా తాళం ఉన్న పెట్టెలో పెట్టండి. పిల్లలు అటక ఎక్కడం నాకు తెలుసు.

పాత_లెక్చరర్:
మూతకు ప్లాస్టిక్ చుక్కల గొట్టం ఉంటే తీసేసి గాజుది పెట్టండి. యూజినాల్ కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

ఇంటిసబ్బు:
నా సీసాల గొట్టం చూశాను, కొన దగ్గర నొక్కితే జిగటగా ఉంది. కాగితం పరీక్ష కూడా పూర్తయింది. మొగ్గ నూనె అన్న సీసా చుక్క నాలుగో రోజుకు కూడా జిడ్డుగానే ఉంది, రెండవ సీసా చుక్క పడినచోట సన్నని పసుపు అంచు తప్ప ఏమీ మిగలలేదు. అత్తగారికి మొదటి సీసా ఇవ్వడం మానేశాను, ఈ వారం వైద్యుడి దగ్గరకు తీసుకువెళుతున్నాను. నా సబ్బుల మీద ఇకనుంచి యూజినాల్ అని పేరు రాసి, ఎంత శాతం వేశానో కూడా రాస్తాను. దద్దుర్లు వచ్చిన ఆవిడ ఇంటికి నేనే వెళ్ళి ఈ సంగతి చెప్పి వస్తాను.